ఇన్‌స్పెక్టరుగారి సముద్రం

దుకాణాల్లో త్రాసులు సరిగ్గా తూస్తున్నాయో లేదో చూడటం అతని ఉద్యోగం. ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె పట్టుకుని బజార్లోకి దిగాడంటే చాలు, కూరగాయల కొట్టు మొదలుకుని నగల కొట్టు దాకా "ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు" అని ఒకరికొకరు సైగలు చేసుకునేవారు. ఇంట్లో కూడా అదే పేరు ఖాయమైపోయింది. కాకపోతే బజార్లో ఆ మాట భయంతో అంటారు, ఇంట్లో సాగదీసి అంటారు. టీలో చక్కెర కొంచెం ఎక్కువైందని అతను కప్పు కింద పెట్టినప్పుడల్లా భార్య "అయితే నా వంటింటికి సీలు వేసెయ్యండి, ఇన్‌స్పెక్టరుగారూ" అనేది.

అలాంటి మనిషికి ఇంట్లో సముద్రం పెంచాలన్న పిచ్చి పట్టింది. హాల్లో కిటికీ ఎదురుగా, బుద్ధున్నవాళ్ళు సోఫా వేసుకునే చోట, పొడవాటి గాజుతొట్టె పెట్టాడు. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద బతికున్న పగడాలు, వాటి మధ్య తిరిగే రెండు నారింజరంగు చేపలు. పగడం అంటే ఉంగరంలో పొదిగేదే అనుకునే చుట్టాలందరికీ అతను ఓపిగ్గా పాఠం చెప్పేవాడు. ఇవి ప్రాణులు. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియాన్నీ క్షారాన్నీ పీల్చుకుని తమ ఎముకలు తామే కట్టుకుంటాయి. అవి తాగేసినంతా మనం మళ్ళీ నీళ్ళలో పోయాలి. తక్కువైతే ఎదగవు, ఎక్కువైతే కొసలు కాలిపోతాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న సన్నటి గీత మీద నీళ్ళని నడిపించడమే ఈ సరదా మొత్తం. చుట్టాలు తలలూపి, చేపల పేర్లేమిటని అడిగేవారు.

తొట్టె కింద అరలో రెండు పెద్ద సీసాలు, ఒకదాంట్లో కాల్షియం నీళ్ళు, ఇంకోదాంట్లో క్షారం నీళ్ళు. వాటిని రోజంతా బొట్లు బొట్లుగా పైకి పంపే చిన్న మోటారు. ఎంత పంపాలో తేల్చేది మాత్రం సాయంత్రం జరిగే పరీక్ష. ఆఫీసు నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా, గాజుగొట్టంలో కాసిని తొట్టె నీళ్ళు తీసుకునేవాడు. చిన్న సీసాలోంచి మందు చుక్క చుక్కగా వేసేవాడు. నీళ్ళు ముందు నీలంగా మారతాయి. ఏ చుక్కకి పసుపు తిరుగుతాయో అన్ని చుక్కలే క్షారం లెక్క. ఎనిమిదో చుక్కకి పసుపు తిరిగితే ఆ రాత్రి ఇంట్లో శాంతి. లేకపోతే అందరూ నెమ్మదిగా నడవాలి.

ఆ హాల్లోనే, తొట్టె పక్కనే, మామగారి కుట్టుమిషను ఉండేది. ఆయన టైలరు. కొట్టు ఉన్న భవనాన్ని పడగొట్టాక మిషనుతో సహా చిన్నకూతురింటికి వచ్చేశాడు. మిగతా గదులన్నీ వదిలి తొట్టె పక్కనే ఎందుకయ్యా అంటే, అక్కడ వెలుతురు బాగుంటుంది, పైగా చేపలు తన పని చూస్తున్నట్టు ఉంటుంది. పై అంతస్తులవాళ్ళు ప్యాంట్ల పొడవు తగ్గించమనీ, జిప్పులు మార్చమనీ తెచ్చిచ్చేవారు. "చేతికి పని లేకపోతే మనిషి నోటికి పని ఎక్కువవుతుంది అల్లుడుగారూ, నన్ను కుట్టుకోనివ్వండి" అనేవాడు. నిజానికి ఆయన నోటికీ పని తక్కువేం కాదు. కొలత తీసే సమయానికి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి పీల్చుకునే పెద్దమనుషుల గురించి చెప్పి మనవరాలు చిట్టిని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేవాడు. వాళ్ళు చెప్పే కొలత ఒకటి, వాళ్ళు ఊపిరి వదిలాక ఉండే కొలత ఒకటి, నేను రెండోదానికే కుట్టేవాణ్ణి అనేవాడు.

చలి మొదలైన రోజుల్లో తొట్టెలో పరిస్థితి అదుపు తప్పింది. ఆరో చుక్కకే పసుపు తిరగడం మొదలుపెట్టింది. క్షారం తగ్గిందన్నమాట. ఇన్‌స్పెక్టరు మోటారు జోరు పెంచాడు. అయినా లెక్క ఆరు దగ్గరే మొరాయించింది. ఇంకా పెంచాడు. లెక్క పెరగలేదు గానీ పగడాల కొసలు తెల్లబడ్డాయి. మెత్తటి వేళ్ళలాంటి వాటి నోళ్ళు పగలు కూడా ముడుచుకుపోయాయి. అందరికన్నా ముందు తెచ్చుకున్న కొమ్మల పగడం, అతను ముద్దుగా పెద్దావిడ అని పిలుచుకునేది, ఒకవైపు నుంచి చర్మం రాలిపోయి ఎముక కనబడసాగింది. అతనికి అన్నం సహించలేదు. మోటారు జోరు మళ్ళీ పెంచాడు.

ఒక ఆదివారం పొద్దున నీళ్ళు వెచ్చబెట్టే కడ్డీని బయటికి తీసి చూశాడు. దాని చుట్టూ తెల్లగా గట్టిగా పెచ్చు కట్టి ఉంది. నీళ్ళు తిప్పే పంకాని విప్పితే దాని రెక్కల మీద కూడా అదే తెలుపు. వేలితో గీకితే పొడి రాలింది. ఆ వేలిని అలాగే పట్టుకుని వెనక్కి తిరిగాడు. మామగారు నల్ల ప్యాంటు మీద సుద్దబిళ్ళతో గీత గీసి, పైనున్న పొడిని "ఫూ" అని ఊదుతున్నాడు.

"మామయ్యగారూ, ఆ సుద్ద ఒకసారి ఇలా ఇవ్వండి."

ఆయన సంతోషంగా ఇచ్చాడు, అల్లుడికి తన పనిముట్ల మీద ఆసక్తి కలిగిందనుకున్నాడేమో. ఇన్‌స్పెక్టరు సుద్దని ఇంకో వేలికి రాసుకుని, రెండు వేళ్ళూ ఆయన మొహానికి దగ్గరగా పెట్టాడు.

"ఇది తొట్టెలో దొరికింది. ఇది మీ చేతిలో దొరికింది. ఏమైనా తేడా కనబడుతోందా?"

"తెల్లగానే ఉన్నాయి రెండూ."

"ఉంటాయి. ఎందుకుండవు! పొద్దస్తమానం ఊదుతూ కూర్చుంటే ఎక్కడికి పోతుందనుకున్నారు ఈ పొడంతా? ప్రాణాలండీ ఇవి! మీ సుద్ద తిని బతకవు!"

గొంతు తనకి తెలియకుండానే బజారు గొంతు అయిపోయింది. వంటింట్లోంచి భార్య వచ్చింది. గదిలోంచి చిట్టి వచ్చింది. ప్యాంటు కోసం వచ్చిన పై అంతస్తు ఆవిడ తెరిచి ఉన్న తలుపు దగ్గరే ఆగిపోయి, లోపలికి రావాలో పోవాలో తెలియక, చెప్పుల వంక చూస్తూ నిలబడింది. మామగారు లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తోచక చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. చొక్కా మీద తెల్లటి మరకలు పడ్డాయి.

"నాకు తెలీదు అల్లుడుగారూ. తెలిస్తే ఊదుతానా?"

"నాన్నా, తొట్టె పక్కన వద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను" అంది కూతురు. ఆ మాట ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు. భర్త కోపాన్ని చల్లార్చడానికి అప్పటికప్పుడు నోటికొచ్చింది, అంతే.

ఆ మధ్యాహ్నమే మిషను బట్టలారేసే వెనక బాల్కనీలోకి మారింది. అక్కడ వెలుతురు తక్కువ, చల్లగాలి ఎక్కువ. మామగారు పల్లెత్తు మాట అనలేదు. హాల్లోకి రావాలంటే ముందు చేతులు కడుక్కుని వచ్చేవాడు. ఆ పనికి చిట్టి తనంతట తానే కాపలా పెట్టుకుంది. నాన్న ఇన్‌స్పెక్టరు కదా, కూతురికీ ఆ గుణం కొంచెం అబ్బింది. "తాతయ్యా, చేతులు?" అనేది గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి. ఆయన రెండు చేతులూ చాపి చూపించేవాడు. నచ్చకపోతే వేలు పట్టుకుని కుళాయి దాకా లాక్కెళ్ళేది. అందరూ నవ్వుకునేవారు. ఆయనా నవ్వేవాడు.

తొట్టె మాత్రం బాగుపడలేదు. పెద్దావిడ సగం ఎముకైపోయింది. బాల్కనీ తలుపు సందుల్లోంచి పొడి వస్తోందేమోనని ఇన్‌స్పెక్టరు అక్కడ ఒక గుడ్డ కుక్కాడు.

అంతలో పరీక్ష మందు అయిపోవచ్చింది. ఆ వేళ ఆఫీసు సగం పూటే. భార్య తను పనిచేసే ఆసుపత్రిలో ఉంది, చిట్టి బడిలో ఉంది. కొత్త సీసా కొనుక్కొచ్చి, మూత విప్పి, ఎప్పటిలాగే చుక్కలు వెయ్యడం మొదలుపెట్టాడు. ఆరో చుక్కకి నీలం. ఎనిమిదికీ నీలమే. చుక్కలు పడుతూనే ఉన్నాయి, నీలం నీలంగానే ఉంది. చివరికి పద్నాలుగో చుక్కకి పసుపు తిరిగింది.

కొత్త సీసా పాడై ఉంటుంది అనుకున్నాడు. బజార్లో ఇదే వాదన విన్నప్పుడల్లా అతనికి నవ్వొచ్చేది. నా త్రాసు మంచిదే సార్, మీ రాయే తప్పు అనేవారు కొట్లవాళ్ళు. తన దాకా వచ్చేసరికి నవ్వు గుర్తురాలేదు. మళ్ళీ కొలిచాడు. మళ్ళీ అదే. అప్పుడు, తొట్టె కోసం అప్పుడే కలిపి పెట్టుకున్న తాజా ఉప్పునీళ్ళు తీశాడు. ఆ నీళ్ళ లెక్క ఎనిమిది ఉండాలని ఉప్పు పొట్లం మీదే రాసి ఉంటుంది. కొత్త సీసా ఎనిమిది అంది. పాత సీసా అడుగున మిగిలిన మందుతో చూస్తే, నాలుగో చుక్క పడీపడకముందే పసుపు తిరిగింది.

పాత సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. మూతకి వెంట్రుకంత పగులు ఉంది. ఆ సీసా ఎప్పుడూ తొట్టె దీపం పక్కన, వెచ్చటి చోట ఉండేది. లోపలి నీరు నెలల తరబడి ఆ పగుల్లోంచి ఆవిరైపోతూ వచ్చింది. మందు చిక్కబడింది. చిక్కటి మందు తక్కువ చుక్కలకే రంగు తిప్పేసింది. తొట్టెలో క్షారం ఎప్పుడూ తగ్గలేదు. లేని లోటు తీర్చడానికి అతను పోస్తూ, పోస్తూ, పోస్తూ పోయాడు. నీళ్ళు ఇక మోయలేక ఆ బరువుని తెల్లటి పొడిగా దించేసుకున్నాయి. కడ్డీ మీది పెచ్చు, పంకా మీది పొడి, పెద్దావిడ ఒంటి మీది కాలిన చర్మం, అంతా అతను తన చేతులతో పోసిందే.

ఊళ్ళో ప్రతి త్రాసునీ అనుమానించే మనిషి తన సీసాని ఒక్కసారైనా అనుమానించలేదు. మామగారిని అనుమానించడానికి మాత్రం అతనికి ఒక్క క్షణం పట్టలేదు. ఇంట్లో ఎవరూ చూడటం లేదు, అయినా అతను చటుక్కున కిటికీ తెర లాగేశాడు. ఇంత సిగ్గు అతను ఎప్పుడూ పడలేదు.

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పడానికే బాల్కనీ దాకా వెళ్ళాడు కూడా. మామగారు చెవుల మీదికి మఫ్లరు చుట్టుకుని, ఎవరిదో చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. అల్లుణ్ణి చూడగానే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి గబగబా లేచాడు.

"మళ్ళీ ఏమైనా పడిందా అల్లుడుగారూ? నేనివాళ అటు అడుగే పెట్టలేదు. కావాలంటే చూడండి, సుద్ద కూడా డబ్బాలోనే ఉంది."

తప్పు చిన్నదైతే చెప్పడం తేలిక. ఎదుటి మనిషిని ఇంత భయస్థుణ్ణి చేసిన తప్పుని ఏ మాటలతో మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

"అబ్బే, ఏం లేదు. టీ పెడుతున్నాను, తాగుతారా?" అన్నాడు.

ముసలాయన మొహం వెలిగిపోయింది. "మీరు పెడతారా? తాగుతాను, తాగుతాను" అన్నాడు.

మర్నాడు పాత సీసాని జేబులో వేసుకెళ్ళి ఆఫీసు చెత్తబుట్టలో పడేశాడు. మోటారు జోరు ఎవరికీ తెలియకుండా కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చాడు. ఒక్కసారిగా తగ్గిస్తే పగడాలు తట్టుకోలేవు. వాటి విషయంలో అతను ఎప్పుడూ అంత జాగ్రత్తగానే ఉంటాడు. క్షారం దిగింది. నీళ్ళు తేటపడ్డాయి. ముడుచుకున్న నోళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పెద్దావిడకి ఎముక మీద అంచుల నుంచి గులాబీరంగు చర్మం మళ్ళీ పాకడం మొదలైంది. మామూలు రోజుల్లో అయితే అతను ఇల్లంతా పిలిచి చూపించేవాడు. ఇప్పుడు భార్యే పిలిచి చూపించింది.

"చూశారా, నాన్న అటు జరిగాక ఎలా తేరుకున్నాయో! మీరన్నది నిజమే."

అతను "ఊఁ" అన్నాడు.

ఒక్క అక్షరం. అబద్ధమని కూడా అనడానికి లేదు. లోకంలో సగం అన్యాయాలు ఇలాంటి "ఊఁ"ల మీదే నడుస్తాయి.

ఆ మాట మామగారి చెవినా పడింది. రెండు రోజులు ఏదో ఆలోచిస్తున్నట్టు తిరిగి, మూడో రోజు భోజనాల దగ్గర బయటపెట్టాడు. వీధి చివర ఒక పిల్ల కొత్తగా బట్టలు సరిచేసే కొట్టు పెడుతోంది. మంచి పిల్ల. మిషను ఆమెకి ఇచ్చేద్దామనుకుంటున్నాడు.

"నాకు ఇక చూపు ఆనడం లేదు. బాల్కనీలో కుట్టినా ఆ పొడి బట్టలకి అంటుకుని లోపలికి రాక మానదు. ఆ జీవాలు ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాయి. మీరేమంటారు అల్లుడుగారూ?"

అందరూ అతని వైపు చూశారు. వద్దు అనడానికి ఒక్క మాట చాలు. కానీ ఎందుకు వద్దో చెప్పాలి. అతను కంచంలోకి చూస్తూ, "మీ ఇష్టం మామయ్యగారూ" అన్నాడు.

ఇచ్చే ముందు ఆయన మిషనంతా తుడిచి, నూనె వేసి, చక్రాన్ని ఒకసారి ఉత్తినే తిప్పి చూశాడు. కిందికి దించడానికి ఒకవైపు అల్లుడే పట్టాడు. మెట్ల మలుపులో ఆయన ఆయాసపడితే ఆగి, రొప్పు తగ్గేదాకా చూసి, మళ్ళీ ఎత్తాడు. అంత బరువులోనూ ఆయన "మీ నడుం జాగ్రత్త" అంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు మామగారికి మెత్తటి చెప్పులు తెచ్చాడు. వెచ్చటి కోటు తెచ్చాడు. సాయంత్రాలు పార్కుకి స్వయంగా తీసుకెళ్ళాడు. పార్కు బెంచీ మీద కూర్చున్న ముసలివాళ్ళందరికీ ఆయన "మా అల్లుడు. కొడుకున్నా ఇంత చూడడు" అని పరిచయం చేసేవాడు. అలా అన్నప్పుడల్లా ఇన్‌స్పెక్టరు సిగ్గుతో చచ్చిపోయేవాడు, మర్నాడు ఇంకోటి ఏదో తెచ్చేవాడు. అసలు మాట తప్ప అన్నీ ఇచ్చాడు.

ఇంట్లో ఆయన పగలంతా వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. చేతులు ఊరుకునేవి కావు. తన చొక్కా అంచున లేచిన దారాల్ని వేళ్ళతో తెంపుతూ, లేని దారాల్ని కూడా వెతుకుతూ ఉండేవాడు. కుట్టుపని లేకపోయినా హాల్లోకి వచ్చే ముందు చేతులు కడుక్కోవడం మానలేదు. చిట్టి కాపలా కూడా మానలేదు.

ఒక సెలవు రోజున భార్య అక్క వచ్చింది. ఇన్‌స్పెక్టరుకి వదిన. మాట కరుకు, మనిషి మంచిది. నలుగురూ భోజనానికి కూర్చున్నారు. తొందరగా తినేసిన చిట్టి గదిలో బొమ్మలు వేసుకుంటోంది. వదిన ఇల్లంతా కలయజూసి, "నాన్నా, నీ మిషనేదీ?" అంది.

ఆయనకి కథ చెప్పే అవకాశం దొరికింది. చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేస్తూ మొదలుపెట్టాడు. "జీవితమంతా మనుషుల నడుములు కొలిచాను గానీ, సముద్రానికి సుద్ద పడదని నాకెవరు చెప్పారే? ఫూ అని ఒక్క ఊదు ఊదాను, అల్లుడుగారి సముద్రం సగం చచ్చింది!" కూతుళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. వాళ్ళతో పాటు ఇన్‌స్పెక్టరూ నవ్వాడు. తన నవ్వు తన చెవులకే వినబడింది.

నవ్వు ఆగాక వదిన అంది, "అయినా నాన్నా, ఒకరింట్లో ఉన్నప్పుడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండొద్దూ?"

"నిజమేనమ్మా" అన్నాడాయన. మొహం మీద నవ్వు ఇంకా ఉంది. "నిజమే. ఒకరింట్లో ఉన్నాం కదా."

ఇన్‌స్పెక్టరు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఆ సుద్ద వల్ల కాదు వదినా."

ముగ్గురూ తలెత్తారు. అతను చెప్పాడు. మూత పగిలిన సీసా గురించి, చిక్కబడిన మందు గురించి, తను పోసిన క్షారం గురించి. తడబడుతూ, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాడు. ఆ తెల్లటి పొడి తను చేసిందేననీ, మామయ్యగారి సుద్దతో దానికి ఏ సంబంధమూ లేదనీ చెప్పాడు.

భార్య అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కళ్ళు చెమర్చి ఉన్నాయి. "చూశావా అక్కా? నాన్న చిన్నబుచ్చుకున్నాడని నేరమంతా తన నెత్తిన వేసుకుంటున్నారు."

"నిజం చెబుతున్నాను."

"అయితే ఆ సీసా ఏదీ, చూపించండి ఇన్‌స్పెక్టరుగారూ. సాక్ష్యం లేకుండా మీరు కేసు రాయరుగా?" అంది వదిన నవ్వుతూ.

"పారేశాను."

"అదీ సంగతి! అబద్ధం ఆడటం కూడా రాదు పాపం. నాన్నా, ఇలాంటి అల్లుడు దొరకడం నీ అదృష్టం."

నేరం ఒప్పుకోవడం కష్టమని అతను అనుకున్నాడు గానీ, ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటారని అనుకోలేదు. భుజం మీది చెయ్యి నిప్పులా కాలింది. బల్ల కిందికి దూరిపోవాలనిపించింది.

మామగారు మాత్రం నవ్వలేదు. అల్లుడి మొహం వంకే చూస్తున్నాడు. ఊపిరి బిగబట్టిన మనుషుల్నీ, వదిలేసిన మనుషుల్నీ ఒక జీవితమంతా చూసిన కళ్ళు అవి.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

పొద్దున్నే తెలిసిందనొచ్చు. నిన్న తెలిసిందనొచ్చు. ఏది చెప్పినా నమ్మడానికి బల్ల చుట్టూ అందరూ సిద్ధంగా ఉన్నారు. తప్పు చేతకానితనం కిందికి పోతుంది, చేతకానితనాన్ని ఎవరైనా క్షమిస్తారు.

"మిషను ఇవ్వక ముందే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "చాలా ముందే. మీరు బాల్కనీలో ఇస్త్రీ చేస్తున్నారు. చెబుదామనే వచ్చాను. చెప్పలేక, టీ తాగుతారా అని అడిగాను."

భుజం మీది చెయ్యి నెమ్మదిగా తొలగిపోయింది. వదిన మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోయి ఆగింది.

ముసలాయన తన కంచం పక్కకి జరిపాడు. తర్వాత, పక్కనున్న ఎవరితోనో అన్నట్టు, "ఆ టీ తాగుతూ నేనెంత సంతోషపడ్డానో. నీకు నా మీద కోపం పోయిందనుకున్నాను" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు తల ఎత్తలేదు.

"చిట్టిని పిలువు. దానికి కూడా చెప్పు" అన్నాడు మామగారు. "నాకు రోజూ చేతులు కడిగించేది అదే."

చిట్టి వేళ్ళకి రంగులతోనే వచ్చింది. తండ్రి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెద్దవాళ్ళకి చెప్పినప్పుడు దొరికిన మాటలు ఇప్పుడు ఒక్కటీ దొరకలేదు. తొట్టె పాడవడానికి కారణం తాతయ్య కాదనీ, నాన్నేననీ, ఆ సంగతి నాన్నకి ఎప్పుడో తెలుసుననీ, తెలిసీ చెప్పలేదనీ, అంతే చెప్పగలిగాడు.

ఆ ఇంట్లో అతని మాట వెంటనే నమ్మింది చిట్టి ఒక్కతే. సాక్ష్యం అడగలేదు. కాసేపు తండ్రి మొహాన్నీ, తాతయ్య మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"మరి నేను రోజూ తాతయ్యని ఆపేదాన్ని కదా నాన్నా. కుళాయి దగ్గరికి లాక్కెళ్ళేదాన్ని కదా. అయితే నేను కూడా తప్పు చేశానా?"

"నువ్వు కాదమ్మా. నేను..."

చిట్టి అది వినిపించుకోలేదు. అతన్ని దాటుకుని వెళ్ళి తాతయ్య రెండు చేతులూ పట్టుకుంది. "సారీ తాతయ్యా" అంటూ ఆ అరచేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆయన వంగి ఆమె తల మీద గడ్డం ఆనించి, "నీకేం తెలుసే పిచ్చిపిల్లా, ఊరుకో" అంటున్నాడు.

ఇన్‌స్పెక్టరు మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. అంతసేపూ అన్నీ చెప్పాడు గానీ ఆ ఒక్క మాట చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో ఆయనకి క్షమాపణ చెప్పిన మొదటి మనిషి చిట్టే.